ఇంధనపు పంపు ఒత్తిడి తగ్గినప్పుడు రైతు చేయవలసిన పరీక్షలు

ఎద్దు కుంటినయెడల రైతు మొట్టమొదట దాని గిట్టను పైకెత్తి చూచును. ముల్లు గ్రుచ్చుకొన్నదా, నాడా వదులైనదా యని విచారించును. పిమ్మట కాడిని, ఇరుసును, బండిపై వేసిన బరువును చూచును. ఎద్దునే మార్చవలయునను తలంపు చిట్టచివరగాని యతనికి రాదు. ఇంతటి వివేకము గల రైతే, మోటారు బండి నిలిచిపోయినప్పుడు మాత్రము, ఏ భాగము చెడినదో యెవరైన చెప్పినచో చాలును, క్రొత్తది కొని వేయింతమని తొందరపడుచున్నాడు. యంత్రము క్రొత్తదగుటచే మనకు జంకు కలుగుచున్నదిగాని, విచారించు పద్ధతి క్రొత్తది కాదు. ఈ సంగతిని మా యనుభవమునకు వచ్చిన యొక దృష్టాంతముతో సభ్యులకు విన్నవించుచున్నాము.

జరిగిన సంగతి

ఆనందపురము వైపు గ్రామములలోని కొందఱు కూరగాయల రైతులు కలిసి, పెట్రోలుతో నడచు చిన్న సరకుల బండి నొకదానిని ఉమ్మడిగా ఉంచుకొనియున్నారు. మన రాష్ట్రమున 1999వ సంవత్సరమున రైతుబజారులు ప్రారంభమైన నాటినుండి, దళారి ప్రమేయము లేకుండ విశాఖపట్టణవాసులకు నేరుగా సరకు నమ్ముకొను వీలు రైతులకు కలిగినది. అయితే ఆ వీలు వేకువనే బజారు చేరినవారికే. తోటకూర, పాలకూర, కొత్తిమీర మొదలగునవి ఎండ యెక్కినంతనే వాడిపోవును. వాడిన కట్టకు వెల లేదు.

ఒకనాటి వేకువజామున ఆ బండి నిండుబరువుతో మధురవాడ దాటి ఎండాడ యెత్తు నెక్కుచుండగా, ఊపిరాడనట్లు తటపటాయించి తుదకు నిలిచిపోయెను. కొంతసేపు చల్లారిన పిమ్మట మరల కదలెను. మఱునాడును అట్లే జరిగెను. మెకానిక్కు చూచి, ఇంధనపు పంపు ఒత్తిడి తగ్గినదని చెప్పి క్రొత్తపంపు వేసెను. పదునైదు దినములు బండి బాగుగనే నడచెను. పదునాఱవ దినమున అదే యెత్తున, అదే విధముగ మరల నిలిచెను.

రెండవ పంపు కొనవలయునా, వలదా యని సభ్యులలో తగవు పుట్టినది. కొందఱు మెకానిక్కు మోసగించెననిరి. మఱికొందఱు, డ్రైవరు పెట్రోలు తీసి అమ్ముకొని, ట్యాంకులో నీరు కలుపుచున్నాడనిరి. ఆ డ్రైవరు ఒక సభ్యుని కుమారుడు, ఇరువదియేండ్లవాడు. అట్టి నింద యొకసారి మీద పడినచో పల్లెలో మరల వాని చేతికి బండి తాళము నిచ్చువా రుండరు. తండ్రి మాయొద్దకు వచ్చి, "మా గుంటడు దొంగ కాదు బాబూ. మీరొక్కపాలి బండిని చూసి చెప్పండి" అనెను.

ఇందు మేమును నిర్దోషులము కాము. మొదటి పంపు మార్చుటకు ముందు సంఘమువారు మమ్ము సలహా యడిగినప్పుడు, బండిని చూడకయే, "లక్షణములు పంపువే, మార్పించుడు" అని చెప్పియుంటిమి. మేము చదివిన మిషను పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుడు, కొలిచి చూడక జవాబు వ్రాసిన బాలుని పలక తుడిచి మరల చేతికిచ్చుచుండెను. ఆ పాఠము మఱచి నలువదేండ్లు దాటిన వయస్సున మేమే తప్పు జవాబు వ్రాసితిమి. కనుక రెండవ మాఱు స్వయముగా పోయి చూచితిమి. మాకు కనబడినదేమో చెప్పుటకు ముందు ఆ పంపు పనిచేయు రీతిని సభ్యులు తెలిసికొనుట యవసరము.

బోరు మోటారునకు తమ్ముడు

పూర్వపు పెట్రోలు బండ్లలో కార్బురేటరు అను పాత్ర యుండెడిది. పెట్రోలు దానిలోనికి మెల్లగా జాఱి, గాలితో కలిసి ఇంజనులోనికి పోయెడిది. దానికి విశేషమైన ఒత్తిడితో పనిలేదు. ఇప్పటి బండ్లలో కార్బురేటరునకు బదులు ఇంజెక్టరు కలదు. అది సన్నని రంధ్రములు గల సూదివంటిది. ఆ రంధ్రములగుండ పెట్రోలు మంచువలె చిమ్మవలెనన్నచో వెనుకనుండి గట్టిగా నెట్టు బలము కావలయును. ఆ బలము నిచ్చునదియే విద్యుత్తు ఇంధనపు పంపు. 2020 ఏప్రిలు 1 నుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలునకు వచ్చిన పిమ్మట, క్రొత్తగా అమ్మబడు మోటారు సైకిళ్లలో సైతము ఈ పద్ధతి సర్వసామాన్యమైనది. కాబట్టి సరకుల బండి లేని రైతునకును ఈ విషయము పరాయిది కాదు.

బోరుబావిలో నీట మునిగి పనిచేయు సబ్‌మెర్సిబుల్ మోటారు మన రైతుల కందఱకును తెలిసినదే. బండిలోని ఇంధనపు పంపు దానికి తమ్ముడని చెప్పవచ్చును. అది సాధారణముగా పెట్రోలు ట్యాంకులోపలనే మునిగియుండి, బ్యాటరీ యిచ్చు 12 వోల్టుల విద్యుత్తుతో తిరుగును. బోరు మోటారును చుట్టునున్న నీరు చల్లబఱచునట్లు, ఈ పంపును దాని చుట్టును, దాని లోపలను ప్రవహించు పెట్రోలే చల్లబఱచును. నీరు లేని బోరులో మోటారు కాలిపోవునట్లే, ట్యాంకు అడుగంటువఱకు బండి నడిపెడివాని పంపు త్వరలో చెడును.

పెట్రోలులో విద్యుత్తు మోటారు తిరిగినచో అంటుకొనదా యని సభ్యులు సందేహింతురు. మండుటకు పెట్రోలుతోపాటు తగిన పాలున గాలియు కావలయును. పంపులోపల పెట్రోలు నిండియుండును గాని గాలి యుండదు. అందుచే లోపల నిప్పు పుట్టదు. ట్యాంకు వెలుపల, గాలి సమృద్ధిగా నున్నచోట, సంగతి వేఱు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

బోరు మోటారునకు గల అంగములన్నియు దీనికిని కలవు. పీల్చుచోట చెత్త రాకుండ జల్లెడ యుండును. ఆపినప్పుడు పైకెక్కిన పెట్రోలు వెనుకకు జాఱకుండ, మన ఫుట్ వాల్వు వంటి చిన్న వాల్వు ఉండును. దారిలో ఫిల్టరు ఉండును. ఒత్తిడి మితిమీఱకుండ, ఎక్కువైన పెట్రోలును తిరిగి ట్యాంకులోనికి విడుచు రెగ్యులేటరు ఉండును.

ఈ ఒత్తిడిని బారు అను కొలతతో చెప్పుదురు. పెక్కు పెట్రోలు ఇంజెక్షను బండ్లలో అది 3 బారుల నుండి 4 బారుల వఱకు ఉండును. మీ బండికి సరియైన సంఖ్య దాని పుస్తకములో వ్రాసియుండును. దానినే ప్రమాణముగా గ్రహింపవలెను. 3 బారులనగా నీటిని సుమారు 30 మీటర్ల ఎత్తునకు నిలబెట్టునంతటి బలము. పిడికిట నిముడు పంపు ఇంత పని చేయుచున్నదని గ్రహించినచో, దానికి రావలసిన విద్యుత్తు రవంత తగ్గినను పని యేల చెడునో సులభముగా బోధపడును.

ఇంజెక్టరును తెఱచి మూయు విద్యుత్ పరికరము, ఒత్తిడి సరిగా ఉన్నదనియే నమ్మి, ఇంత కాలము తెఱచిన ఇంత పెట్రోలు పోవునని లెక్క కట్టుకొనును. ఒత్తిడి తగ్గినచో ఆ లెక్క తప్పును. చదునైన దారిలో, తక్కువ బరువుతో, ఇంజనునకు కొంచెము పెట్రోలే చాలును గనుక లోపము బయటపడదు. ఎత్తు నెక్కునప్పుడు, నిండుబరువున, పెట్రోలు ఎక్కువ కావలసినప్పుడు బయటపడును. మడి దగ్గఱగా ఉన్నప్పుడు పాఱిన నీరు, దూరపు గట్టు మీదికి ఎక్కనట్లే యిదియును.

ఒత్తిడి తగ్గుటకు ఐదు మార్గములు

మొదటిది, ట్యాంకులో పెట్రోలు చాలకుండుట, లేక ఉన్నది నీటితోను మడ్డితోను కూడియుండుట. రెండవది, జల్లెడ గాని ఫిల్టరు గాని పూడిపోవుట. మూడవది, పంపునకు రావలసిన విద్యుత్తు పూర్తిగా రాకుండుట. నాల్గవది, పంపు నెట్టిన పెట్రోలు రెగ్యులేటరు గుండ గాని, ట్యాంకు లోపలి గొట్టపు పగులు గుండ గాని, మూసికొనని వాల్వు గుండ గాని వెనుకకు పోవుట. ఐదవది, పంపే అఱిగిపోవుట.

ఐదింటిలో పంపు చెడుట యొకటి మాత్రమే. అన్నింటికంటె వెల యెక్కువైనదియు సాధారణముగా అదియే. కావున దానిని చివరకు పెట్టి, వ్యయము లేని పరీక్షలను ముందు చేయుట గృహస్థధర్మము.

పరీక్షా క్రమము

ఒకటవ పరీక్ష, ట్యాంకు. మీటరు ముల్లును మాత్రమే నమ్మరాదు. అది తప్పు చూపుట కలదు. నమ్మకమైన బంకులో కొన్ని లీటర్లు పోయించి, లోపము మాఱినదేమో చూడవలెను. నీటి యనుమానమున్నచో, మెకానిక్కుచే ట్యాంకు అడుగు భాగమునుండి కొంచెము పెట్రోలు తీయించి, తేటయైన గాజుసీసాలో పోసి కదలకుండ నుంచవలెను. అడుగున వేఱు పొర దిగినచో నీరున్నట్లు స్పష్టము.

రెండవ పరీక్ష, చెవి. ఇంజను నడువకుండ తాళము మాత్రము త్రిప్పినప్పుడు, పెక్కు బండ్లలో ట్యాంకు వైపునుండి రెండు మూడు సెకండ్లపాటు సన్నని రొద వినవచ్చి ఆగిపోవును. రొద యేమాత్రమును లేనిచో ఫ్యూజును, రిలేను, తీగలను ముందు చూడవలెను. రొద యున్నచో పంపు తిరుగుచున్నదని మాత్రమే అర్థము. తగినంత బలముతో తిరుగుచున్నదని అర్థము కాదు. బోరు మోటారు మ్రోగుచుండగనే గొట్టమున నీరు సన్నగిల్లుట మనము చూడలేదా?

మూడవ పరీక్ష, విద్యుత్తు. దీనికి మల్టీమీటరు కావలయును. విద్యుత్ పనివా రందఱియొద్దను అది యుండును. పంపు తిరుగుచుండగా బ్యాటరీ యొద్ద వోల్టులు కొలిచి, వెంటనే పంపు ప్లగ్గు యొద్దను కొలువవలెను. రెంటికిని నడుమ తేడా అర వోల్టులోపల నున్నచో చింత లేదు. ఒక వోల్టు దాటినచో త్రోవలో నెక్కడనో విద్యుత్తు నష్టమగుచున్నదని తలంపవలెను. పంపు తిరుగకుండ కొలిచిన కొలత పనికిరాదు. కాలువకు మడ్డి అడ్డుపడినను, తూము మూసియున్నంతవఱకు నీటిమట్టము సమముగనే కనబడును. తూమెత్తినప్పుడే లోటు తెలియును. ఇదియును అట్లే.

తేడా కనబడినచో, అది వచ్చు తీగలో నున్నదో పోవు తీగలో నున్నదో తేల్చవలెను. పంపు ఎర్తు తీగకును, బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ మీటరు పెట్టి కొలిచినచో సున్నకు దగ్గఱగా ఉండవలయును. అట్లు లేనిచో ఎర్తు అతుకు చెడినది.

నాల్గవ పరీక్ష, ఒత్తిడి గేజి. ఇది తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని. గొట్టపు దారిలో గేజిని బిగించి నాలుగు సమయములందు ముల్లును చూడవలెను. తాళము త్రిప్పినప్పుడు, ఇంజను నెమ్మదిగా నడచునప్పుడు, వేగము పెంచినప్పుడు, ఇంజను నాపిన పిమ్మట. మొదటినుండియు తక్కువగా ఉన్నచో విద్యుత్తునో, జల్లెడనో, రెగ్యులేటరునో, పంపునో అనుమానింపవలెను. నెమ్మదిగా నడచునప్పుడు సరిగా ఉండి వేగము పెంచినంతనే పడిపోయినచో దారి పూడినదనుట కెక్కువ యవకాశము కలదు. ఆపిన వెంటనే ముల్లు దిగజాఱినచో వాల్వు గాని రెగ్యులేటరు గాని మూసికొనుట లేదు, లేక ఇంజెక్టరు కాఱుచున్నది. ఉదయమున బండి చాలసేపటికి గాని అందుకొనకుండుటకు ఇదియొక కారణము. నాలుగు సమయములందును ముల్లు సరిగా నిలిచినచో పంపును వదలి, గాలి ఫిల్టరును, స్పార్కు ప్లగ్గును, ఇంజెక్టరును చూడవలెను.

ఐదవ పరీక్ష, జల్లెడయు ఫిల్టరును. విద్యుత్తు సరిగా ఉండి ఒత్తిడి తగ్గినప్పుడే ట్యాంకు మూత విప్పవలెను. విప్పినప్పుడు లోపలి గొట్టములను, బిగింపులను పరిశీలింపవలెను. మరల మూయునప్పుడు రబ్బరు వలయమును క్రొత్తది వేయించుట మేలు. ఇవియన్నియు సరిగా ఉండి, అప్పటికిని ఒత్తిడి రానిచో పంపు అఱిగినదని నిశ్చయింపవచ్చును. అప్పుడు కొనుటకు వెనుదీయరాదు.

ఆ బండిలో కనబడినది

మేము పోయిననాడు ట్యాంకు సగమునకు పైగా నిండియుండెను. అడుగునుండి తీయించిన పెట్రోలును సీసాలో పోసి, సభ్యులందఱి యెదుట అరుగుమీద నుంచితిమి. గంట దాటినను వేఱు పొర దిగలేదు. నీటిచుక్క కనబడలేదు. ఆ మాట మేము పలుకక మునుపే డ్రైవరు తండ్రి సీసా నెత్తి వెలుతురునకు పట్టి చూచెను. ఎవరును మాటాడలేదు.

తాళము త్రిప్పగా పంపు రొద వినవచ్చెను గాని కొంచెము మందముగా నుండెను. ఇంజను నడచుచుండగా బ్యాటరీయొద్ద 13.8 వోల్టులు చూపిన మీటరు, పంపు ప్లగ్గుయొద్ద 9.6 వోల్టులే చూపెను. ఎర్తు వైపు కొలువగా అందు 3.9 వోల్టులు నష్టమగుచుండెను. మెకానిక్కు బిగించిన గేజిపై ముల్లు 2.2 బారులయొద్ద నిలిచెను. ఆ బండికి ఉండవలసినది 3 బారులు.

ట్యాంకునకు దిగువను, చక్రపు బురద చిందుచోట, ఎర్తు తీగ బండి చట్రమునకు బిగించిన మర కలదు. దానిని విప్పగా తీగకొన పచ్చని చిలుముతో నిండి, చట్రము పొరలుపొరలుగా తుప్పుపట్టియుండెను. గీకి, రాగి మెఱయునట్లు శుభ్రపఱచి, క్రొత్త కొన వేసి, గట్టిగా బిగించి పైన గ్రీజు పూసితిమి. అప్పుడు పంపుయొద్ద 13.4 వోల్టులును, గేజిపై 3 బారులును చూపినవి.

మొదటి మాఱు పంపు మార్చినప్పుడు పదునైదు దినములు బండి యేల నడిచినదని సభ్యులడిగిరి. పంపు మార్చునప్పుడు తీగలన్నియు కదలినవి. ఆ కదలికచే చెడిన అతుకు కొంతకాలము కొంచెము మేలుగా అంటుకొనియుండెను. గతుకులదారిలో బండి యదరగా అదరగా మరల వదులైనది. క్రొత్త పంపు గుణము చేసినట్లు కనబడినదిగాని, గుణము చేసినది తీగ కదలుటయే.

పిమ్మట మెకానిక్కు తానుగా ఒక మాట చెప్పెను. విప్పివేసిన పాత పంపును సంఘపు బీరువాలో గుడ్డలో చుట్టి యుంచిరి గదా, దానిని మరల బిగించి చూతమనెను. బిగించి చూడగా అదియును 3 బారులు చూపెను. సంఘము దాని నిమిత్తము వ్యయపఱచిన ద్రవ్యము వ్యర్థమైనదని అందఱకును తెలిసెను. ఆ వ్యర్థములో మా తొందర మాటకును పాలు కలదని మేము సభలో ఒప్పుకొంటిమి. మెకానిక్కు మోసగాడు కాడు, డ్రైవరు దొంగ కాడు. కొలువకుండుటయే అందఱి తప్పు.

ఉప్పుగాలియు, నిలువ పెట్రోలును

మన ప్రాంతమున ఇట్టి లోపము లెక్కువగా కలుగుటకు కారణము కలదు. విశాఖపట్టణము సముద్రమునకు ఒడిలోనున్న పట్టణము. 1933లో ఓడరేవు తెఱవబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయ్యెను. సముద్రతీరమున కట్టబడిన ఉక్కు కర్మాగారములలో మన దేశమున అదియే మొదటిది. అయితే ఉక్కును పోయు ఊరైనను ఉప్పుగాలికి ఇనుము లొంగక తప్పదు. గాలిలోని ఉప్పుతేమ ఇనుమును తుప్పుగను, రాగిని చిలుముగను మార్చును. భీమిలి దారిన, తీరము వెంబడి నిత్యము తిరుగు బండ్ల తీగల అతుకులను ఏడాదికి రెండు మాఱులైనను విప్పి శుభ్రపఱచుట యవసరము. వానకాలమునకు ముందొకసారి, తర్వాత నొకసారి చేసినచో చాలును.

రెండవ సంగతి పెట్రోలును గూర్చినది. విశాఖపట్టణమున 1957 నుండియు చమురు శుద్ధి కర్మాగారము కలదు. మొదట అది కాల్టెక్సు కంపెనీది. 1978లో హిందూస్థాన్ పెట్రోలియములో కలిసెను. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో ఇథనాలు అను సారాయి జాతి ద్రవము కలుపబడుచున్నది. దేశమున ఆ పాలు 2022లో నూటికి 10 వంతులకును, 2025లో 20 వంతులకును చేరినది. దానిని చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, బియ్యమునుండియు తీయుదురు. అనగా రైతు పండించిన పంటయే మరల రైతు ట్యాంకులోనికి వచ్చుచున్నది. ఇది సంతోషింపదగినదే యైనను, ఇథనాలునకు నీటిని పీల్చుకొను గుణము కలదని మఱవరాదు. కొంతవఱకు నీటిని తనలో కలుపుకొనును. నీరు మితిమీఱినప్పుడు ఇథనాలును నీరును కలిసి పెట్రోలునుండి విడివడి అడుగునకు దిగును. పంపు పీల్చునది అడుగునుండియే.

కాబట్టి వదులుమూత డబ్బాలలో పెట్రోలు నిలువ యుంచుట, తుప్పుపట్టిన పీపాలలో తెచ్చి పోయుట మానవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటివంటి దినములలో, నీట మునిగిన బండిని ట్యాంకు చూపింపక నడుపరాదు. నెలల తరబడి నడువని బండిలో పాత పెట్రోలును నమ్మి దూరప్రయాణము చేయరాదు. పాత బండ్లలోని కొన్ని రబ్బరు గొట్టములు ఇథనాలునకు తాళజాలవు. మెత్తబడినవి, పగిలినవి కనబడినచో తగిన జాతి గొట్టములను వేయింపవలెను.

ప్రాణమును గూర్చిన హెచ్చరిక

పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకెగయక నేలమీద నీటివలె ప్రాకి, దూరముననున్న పొయ్యినో దీపమునో చేరి అంటుకొనగలదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ చమురు శుద్ధి కర్మాగారమున వంటగ్యాసు వెలువడి అంటుకొని సుమారు 60 మంది మరణించిరి. అదియును నేలబాఱు ఆవిరియే. అంతటి కర్మాగారమున జరిగినది మన పశువులపాకలో జరుగదనుకొనరాదు.

కావున ఇంధనపు గొట్టమును విప్పు పని ఆరుబయటనే జరుగవలెను. దగ్గఱ పొగత్రాగుట, వంట, అతుకుల పని ఉండరాదు. పొడిరకపు అగ్నిమాపక డబ్బాగాని, ఇసుక బొక్కెనలుగాని దగ్గఱ నుండవలెను. మండు పెట్రోలుపై నీరు పోసినచో మంట నీటిపై తేలి వ్యాపించును. ఇంజను ఆగినను గొట్టములో ఒత్తిడి నిలిచియుండును. ముందుగా పంపు ఫ్యూజును తీసి, ఇంజను తనంత తాను ఆగిపోవువఱకు నడిపి, ఆ పిమ్మట బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పి, అప్పుడే గొట్టమును ముట్టవలెను. పంపును వెలుపలికి తీసి, పెట్రోలు లేకుండ తీగ తగిలించి త్రిప్పి చూచుట బొత్తిగా కూడదు. పంపు చెడును, నిప్పురవ్వయు పుట్టవచ్చును. నోటితో పెట్రోలు పీల్చుట ఊపిరితిత్తులకు ప్రాణాపాయము.

డీజిలు ట్రాక్టరులు గల సభ్యులకు ఒక మాట. కొన్ని క్రొత్త ట్రాక్టరులలో ట్యాంకునుండి డీజిలు నందించు విద్యుత్తు పంపు ఉండును. అంతవఱకు పైన చెప్పిన క్రమమే వర్తించును. దాని తర్వాతనుండు అధిక ఒత్తిడి గొట్టములలో వేయి బారులకు మించిన బలముండవచ్చును. ఇంజను నడచుచుండగా వాటిని వదులుచేసినచో వెలువడు సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. వాటిని రైతు ముట్టనే కూడదు.

సంఘములు చేయదగిన పని

ఒక్కొక్క రైతు మల్టీమీటరును, ఒత్తిడి గేజిని కొనుట బరువు. సంఘము తరఫున ఒక్కొక్కటి కొని, ఉపయోగించు విధము తెలిసిన ఒక యువకునికి అప్పగించినచో ఊరి బండ్లన్నింటికిని, బోరు మోటారులకును మీటరు పనికివచ్చును. దానితో పాటు ఉమ్మడి బండికొక పుస్తకము పెట్టవలెను. ఏనాడు ఏ లోపము కలిగినది, ఏమి కొలువగా ఎంత వచ్చినది, ఏమి మార్చితిమి యనునది అందు వ్రాయవలెను. కొలత వ్రాయనిదే భాగము కొనరాదని తీర్మానము చేసికొన్నచో సంఘపు ధనము నిలుచును, మనుష్యులమీద ఊరక నిందలు పడుటయు తగ్గును.

మేము చెప్పిన సంఘము ఇట్టి తీర్మానమునే చేసినది. మీటరును డ్రైవరు చేతికే అప్పగించిరి. నింద మోపిన పెద్దయే ఆ మాట ప్రతిపాదించెనని వినుటకు సభ్యులు సంతసింతురు. మిగిలిన రెండవ పంపు నేటికిని గుడ్డలో చుట్టబడి బీరువాలో నున్నది. దానిని చూచినప్పుడెల్ల మాకు తుడిచిన పలక జ్ఞప్తికి వచ్చుచుండును.

తమ బండ్లలో ఇట్టి లోపములు కనుగొని సరిచేసికొన్న సభ్యులు, కొలతలతో సహా వ్రాసి సంఘ కార్యదర్శికి పంపినచో, తోడి రైతులకు మేలు చేసినవారగుదురు.